ఇరవై ఒక్క నగరాల జోస్యం: ఒక నీటి నివేదికను చదవడమెలా?

2018 జూన్‌లో నీతి ఆయోగ్ ఒక నివేదికను విడుదల చేసింది. దాని పేరు 'సమగ్ర జల నిర్వహణ సూచిక'. దేశంలోని రాష్ట్రాలు నీటిని ఎంత బాగా నిర్వహిస్తున్నాయో కొలిచి మార్కులు వేసే ప్రయత్నమది. అయితే ఆ నివేదికలోని పట్టికలను చదివినవారు తక్కువ. అందులోని ఒక్క వాక్యాన్ని మాత్రం దేశమంతా చదివింది. 2020 నాటికి ఢిల్లీ, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ సహా 21 నగరాల్లో భూగర్భ జలాలు అయిపోతాయనీ, 10 కోట్ల మంది ఆ దెబ్బ తింటారనీ ఆ వాక్యం సారాంశం.

మీరు ఈ మాట వినే ఉంటారు. వక్తృత్వ పోటీల్లో, వ్యాసరచన పోటీల్లో, ప్రపంచ జల దినోత్సవం నాటి ఉపన్యాసాల్లో ఇది లెక్కలేనన్ని సార్లు వినిపించింది. 2020 వచ్చింది, వెళ్ళింది. ఆ నాలుగు మహానగరాల్లో వేటిలోనూ భూగర్భ జలం అడుగంటిపోలేదు. అలాగని నీటి కష్టాలు తీరిపోయాయా? అదీ లేదు. మరి ఆ నివేదిక తప్పు చెప్పిందా? లేక మనం తప్పుగా చదివామా? రెండింటిలోనూ కొంత నిజముంది. ఎక్కడెక్కడ ఎంతెంత అన్నది తేల్చడమే ఈ వ్యాసం పని.

ముందు మంచి మాట

విమర్శ అంటే తప్పులు పట్టడం ఒక్కటే కాదు. కాబట్టి ఈ నివేదిక చేసిన మేలు మొదట చెప్పుకుందాం. నీరు మన రాజ్యాంగం ప్రకారం ప్రధానంగా రాష్ట్రాల విషయం. ఒక్కో రాష్ట్రం లెక్కలు ఒక్కో తీరులో ఉంటాయి. చెరువుల లెక్క ఒక శాఖలో, బోర్ల లెక్క ఇంకో శాఖలో, పట్టణాల నల్లాల లెక్క మరో శాఖలో దాక్కుని ఉంటుంది. ఈ నివేదిక 9 అంశాల కింద 28 ప్రశ్నలు తయారు చేసి, 24 రాష్ట్రాలను ఒకే వరుసలో నిలబెట్టింది. చెరువుల పునరుద్ధరణ, భూగర్భ జలం, సాగునీటి ప్రాజెక్టులు, వాటర్‌షెడ్ పనులు, నీటి సంఘాలు, పొలంలో నీటి పొదుపు, గ్రామీణ తాగునీరు, పట్టణ నీటి సరఫరా, విధానాలు - ఇవీ ఆ తొమ్మిది.

ఆ ప్రశ్నల్లో కొన్ని చాలా పదునైనవి. సేద్యానికి వేరే విద్యుత్ ఫీడర్లు ఉన్నాయా? బోర్లకు ఇచ్చే కరెంటుకు ఛార్జీ వసూలు చేస్తున్నారా? ఎన్నికల వేళ ఏ పార్టీ అడగడానికీ ఇష్టపడని ప్రశ్నలివి. ఒక ప్రభుత్వ సంస్థ వాటిని కాగితం మీద పెట్టడమే మెచ్చుకోదగ్గ సంగతి. 24 రాష్ట్రాల్లో 14 రాష్ట్రాలకు నూటికి 50 మార్కులు కూడా రాలేదని దాపరికం లేకుండా చెప్పింది కూడా.

'రన్ అవుట్' అంటే ఏమిటి?

ఇప్పుడు ఆ వాక్యం దగ్గరికి వద్దాం. ఆంగ్లంలో వాడిన మాట 'రన్ అవుట్'. మనకు ఆ మాట వినగానే క్రికెట్ గుర్తుకొస్తుంది. ఇక్కడ దాని అర్థం 'అయిపోవడం', అంటే ఖాళీ కావడం. తెలుగు పత్రికల్లో ఇది 'అడుగంటుతాయి' అయింది, ఇంకొన్ని చోట్ల 'చుక్క నీరుండదు' అయింది. అనువాదం చేసేటప్పుడు మాట ఒక్క మెట్టు జారితే అర్థం పది మెట్లు జారుతుంది. భూగర్భ జలం అయిపోతుందన్న మాట కాస్తా నగరంలో నీరే ఉండదన్న మాటగా మారిపోయింది. ఈ రెండూ ఒకటి కావు. హైదరాబాదు కుళాయిల్లోకి వచ్చే నీటిలో పెద్ద భాగం మంజీర, కృష్ణ, గోదావరి నదులది. అంతకుముందు మూసీ మీద 1920లో కట్టిన ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో కట్టిన హిమాయత్ సాగర్ ఆ ఊరి దాహం తీర్చాయి. నగరం కింద ఉన్న బోర్లన్నీ ఎండినా ఆ పైపుల్లో నీరు పారుతూనే ఉంటుంది.

అయితే జారుడంతా అనువాదకులదే అనుకోకండి. మూల వాక్యమే గట్టి నేల మీద లేదు. 2019లో వాషింగ్టన్ పోస్ట్ దినపత్రిక ఈ అంకె పుట్టుక ఎక్కడో వెతుకుతూ వెళ్ళింది. నగరాలు ఫలానా సంవత్సరానికి ఖాళీ అవుతాయని తేల్చిన అధ్యయనమేదీ దానికి దొరకలేదు. చివరికి దారి కేంద్ర భూగర్భ జల మండలి వారి పాత అంచనాల దగ్గరికి చేరింది. ఆ అంచనాలు జిల్లాల వారీగా, మండలాల వారీగా వేసేవి. ఏటా తోడుతున్న నీరు ఎంత, ఏటా భూమిలోకి ఇంకుతున్న నీరు ఎంత అన్నదే వాటిలోని పోలిక.

ఈ పోలికను కాస్త నిదానంగా అర్థం చేసుకోండి. బ్యాంకులో డబ్బు దాచుకున్న మనిషిని ఊహించుకోండి. ఏటా వచ్చే వడ్డీ 100 రూపాయలు. అతను 100 లోపు ఖర్చు పెడితే అసలు చెక్కుచెదరదు. 120 ఖర్చు పెడితే ఏటా 20 రూపాయలు అసలులోంచి పోతాయి. మరి ఆ అసలు ఎప్పటికి అయిపోతుంది? అసలెంతో తెలియకుండా చెప్పలేం కదా! 100 రూపాయలే అయితే ఐదేళ్ళలో పోతుంది. లక్ష రూపాయలైతే తరాలు గడిచినా పోదు.

భూగర్భ జల మండలి లెక్క కూడా ఇదే. తోడకం ఏటి రాబడిలో 70 శాతం లోపు ఉంటే ఆ ప్రాంతం 'సురక్షితం'. 70 నుంచి 90 శాతం దాకా 'పాక్షిక సంక్లిష్టం'. 90 నుంచి 100 దాకా 'సంక్లిష్టం'. నూరు దాటితే 'అతి వినియోగం'. ఇది వడ్డీకీ ఖర్చుకూ మధ్య పోలిక మాత్రమే. అసలెంత ఉందన్నది ఈ అంకెలో లేదు. అటువంటప్పుడు 'అతి వినియోగం' అన్న మాటలోంచి 'రెండేళ్ళలో అయిపోతుంది' అన్న మాటను లాగడం ఏ లెక్కకూ నిలవదు.

పంజాబును చూడండి. 2017 అంచనా ప్రకారం అక్కడి తోడకం 166 శాతం. ఏటా వచ్చే 100కు 166 ఖర్చు! 2023 అంచనాలో కూడా అది 164 శాతం దగ్గరే ఉంది. అయినా అక్కడ పంపులు నడుస్తూనే ఉన్నాయి. ఎందుకంటే ఆ నేల కింద నదులు వేల ఏళ్ళుగా తెచ్చి పోసిన ఒండ్రు మట్టి, ఇసుక వందల మీటర్ల లోతున పేరుకుని ఉన్నాయి. అసలు చాలా పెద్దది. ఐతే ప్రమాదం లేదని కాదు. నీటి మట్టం ఏటేటా దిగిపోతోంది. పంపు లోతుకు దించాలి, కరెంటు ఎక్కువ కాల్చాలి, చిన్న రైతు ఆ పోటీలోంచి తప్పుకోవాలి. అక్కడ నీరు అయిపోయే రోజు కంటే చాలా ముందే పేదవాడికి అందకుండా పోయే రోజు వస్తుంది.

మన దక్కను సంగతి వేరు. తెలంగాణ, రాయలసీమల్లో ఎక్కువ భాగం నేల కింద నల్లరాయి, గట్టి రాయి. నీరుండేది పైన శిథిలమైన మొరం పొరలోనూ, దాని కింద రాతి పగుళ్ళలోనూ మాత్రమే. అసలు చాలా చిన్నది. ఒక్క మంచి వానాకాలంలో నిండుతుంది, రెండు వరస కరువుల్లో ఖాళీ అవుతుంది. ఇక్కడ 'నీరు అయిపోవడం' అన్నది నిజంగానే ప్రతి వేసవిలో ఎక్కడో ఒక చోట జరుగుతుంది. ఒకే మాట రెండు రాళ్ళ మీద రెండు అర్థాలు ఇస్తుంది. 21 నగరాలను ఒక్క వాక్యంలో కట్టగట్టినప్పుడు ఈ తేడా కొట్టుకుపోయింది.

జోస్యం నిజమైందా?

నివేదిక వచ్చిన ఏడాదికే చెన్నైలో నీటి కరువు వచ్చింది. 2019 జూన్‌లో పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం జలాశయాల్లో నాలుగింటికీ కలిపి పూర్తి సామర్థ్యంలో ఒక శాతం నీరు కూడా లేదు. జూలై 12న జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్ల రైలు 25 లక్షల లీటర్ల నీటితో చెన్నై చేరింది. 'చూశారా, నీతి ఆయోగ్ చెప్పినట్టే అయింది' అన్నారు చాలామంది.

ఆగండి. జోస్యం చెప్పింది భూగర్భ జలం గురించి. ఎండినవి వాన నీటితో నిండే జలాశయాలు. 2018లో ఈశాన్య రుతుపవనాలు చెన్నైని బాగా దగా చేశాయి. కృష్ణా జలాలను కండలేరు నుంచి పూండికి తెచ్చే తెలుగుగంగ కూడా ఆ ఏడు ఆదుకోలేకపోయింది. బావులూ బోర్లూ కూడా ఎండాయన్నది నిజమే. కానీ వానలు పడ్డాక వాటిలో నీరు మళ్ళీ పైకొచ్చింది. అంటే అసలు కరిగిపోయి శాశ్వతంగా దివాలా తీయడం కాదు. ఒక చెడ్డ ఏడాదికి సిద్ధపడి ఉండకపోవడం. ఇదే నగరం 2015 డిసెంబరులో వరదల్లో మునిగిందని మరచిపోకండి. రోగం వేరైతే మందూ వేరే కదా! ఆ రైలు సంగతి కూడా లెక్క వేయండి. కోత కోసిన తర్వాత కూడా అప్పట్లో నగరానికి రోజూ సరఫరా అవుతున్నది సుమారు 52 కోట్ల లీటర్లు. ఒక్క రైలు తెచ్చింది అందులో అర శాతం కూడా కాదు.

తర్వాత 2024 వేసవిలో బెంగళూరు వంతు వచ్చింది. అక్కడ ప్రభుత్వ బోర్లలో దాదాపు సగం ఎండిపోయాయని రాష్ట్ర ప్రభుత్వమే చెప్పింది. కానీ నగరం మధ్యలో కావేరి కుళాయి ఉన్న ఇళ్ళలో కష్టం తక్కువ. నలిగిపోయింది శివార్లు. 2007లో 110 గ్రామాలను నగరంలో కలిపారు కానీ కావేరి పైపులు అక్కడికి చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ గ్రామాల కోసం ఉద్దేశించిన కావేరి ఐదో దశ 2024 అక్టోబరులో గానీ మొదలు కాలేదు. అంతవరకూ బోరూ, ట్యాంకరూ దిక్కు. మరి 'బెంగళూరులో నీరు అయిపోయింది' అనాలా, 'బెంగళూరులో కొందరికి నీరు అయిపోయింది' అనాలా? 'నగరం' అన్న ఒక్క మాట ఈ రెండో నిజాన్ని మూసిపెట్టేస్తుంది.

ఇంకో మూడు అంకెలు

ఆ నివేదికలో పేరుమోసిన అంకెలు ఇంకా ఉన్నాయి. నీటి నాణ్యతలో భారతదేశం 122 దేశాల్లో 120వ స్థానంలో ఉందన్నది ఒకటి. 2018 నివేదికలో చదివితే ఇది తాజా ర్యాంకు అనుకుంటాం. నిజానికి ఇది 2003 నాటి ఐక్యరాజ్య సమితి జల నివేదికలోనే ఉంది. ఆ జాబితాలో మనకంటే కింద, అట్టడుగున 122వ స్థానంలో ఉన్న దేశమేదో తెలుసా? బెల్జియం! బెల్జియంలో కుళాయి నీరు తాగేవారి కంటే మన ఊరి కుంట నీరు తాగేవారే భాగ్యవంతులని ఎవరైనా నమ్ముతారా? ఆ సూచిక కొలిచింది నదుల్లో, భూగర్భంలో ఉన్న నీటి స్థితికి సంబంధించిన కొన్ని గుణాలను. మనం గ్లాసులో పట్టుకునే నీటిని కాదు. పదిహేనేళ్ళ పాత ర్యాంకును అది ఏం కొలిచిందో చెప్పకుండా మళ్ళీ ముద్రించడం నిర్లక్ష్యమే.

రెండోది, 2030 నాటికి మన నీటి గిరాకీ లభ్యతకు రెట్టింపు అవుతుందన్నది. ఇది 2009లో '2030 వాటర్ రిసోర్సెస్ గ్రూప్' వేసిన అంచనా. గిరాకీ 1,500 ఘనపు కిలోమీటర్లు, లభ్యత 740. ఇప్పటి అలవాట్లేవీ మారకపోతే అన్న షరతు మీద వేసిన లెక్క ఇది. లేని నీటిని ఎవరూ వాడలేరు గదా! కాబట్టి ఆ రెట్టింపు నిజంగా జరిగేది కాదు, జరగకుండా ఏదో ఒకటి మారి తీరుతుంది. ఏది మారాలి, ఎవరు తగ్గించుకోవాలి అన్నదే అసలు ప్రశ్న. షరతు ఊడిపోయి అంకె ఒక్కటే మిగిలేసరికి అది లెక్క కాస్తా శకునమైపోయింది.

మూడోది, 60 కోట్ల మంది తీవ్రమైన 'జల ఒత్తిడి'లో ఉన్నారన్నది. ఇక్కడ ఒత్తిడి అన్నది ఒక నిష్పత్తి. అందుబాటులోని నీటిలో 40 శాతానికి మించి వాడుకుంటే 'అధిక ఒత్తిడి', 80 శాతం దాటితే 'అత్యధికం'. అంటే కాలువల కింద రెండు పంటలు పండే పచ్చని ప్రాంతం కూడా ఒత్తిడి ప్రాంతమే అవుతుంది. కొండ మీద, వాన బాగా పడే చోట, రెండు మైళ్ళు నడిచి బిందె తెచ్చుకునే గిరిజన స్త్రీ ఊరు మాత్రం ఒత్తిడి లేని ప్రాంతం కావచ్చు. అంకె అబద్ధం కాదు. కానీ అది దాహాన్ని కొలవడం లేదు.

కనిపించని వారు

ఈ మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది మరొకటి. 2023 అంచనా ప్రకారం దేశంలో ఏడాదికి తోడే భూగర్భ జలం సుమారు 241 ఘనపు కిలోమీటర్లు. అందులో దాదాపు 87 శాతం వ్యవసాయానిది. అంటే ఈ కథకు నాయకుడైనా, బాధితుడైనా రైతే. కానీ జనం నోట నిలిచిన వాక్యంలో ఉన్నవి 21 నగరాలు. రాయలసీమలోనో, నల్గొండలోనో ఒక బోరు ఎండితే ఇంకోటి, అదీ ఎండితే మూడోది వేసి అప్పులపాలైన రైతుకు భూగర్భ జలం 2020 దాకా ఆగలేదు. ఆయనకు అది ఎప్పుడో 'రన్ అవుట్' అయింది. ఆయన పేరు మీద ఏ పతాక శీర్షికా రాలేదు.

మార్కుల సంగతి కూడా ఇలాగే ఉంది. ఆ సూచికలో 2016-17 సంవత్సరానికి గుజరాత్ మొదటిది, మధ్యప్రదేశ్ రెండోది, ఆంధ్రప్రదేశ్ మూడోది. సంతోషమే. కానీ ఈ లెక్కలకు మూలం రాష్ట్రాలు తాము ఇచ్చుకున్న సమాచారం; దాన్ని తర్వాత వేరే సంస్థ సరిచూసింది. చట్టం ఉందా, విధానం ఉందా వంటి ప్రశ్నలకు 'ఉంది' అంటే మార్కులు పడతాయి. కాగితం మీది చట్టం బోరులోకి నీరు తెస్తుందా అన్నది వేరే పరీక్ష. క్లాసులో హాజరు బాగున్న విద్యార్థికి పాఠం వచ్చి తీరాలని లేదు కదా!

భయపెడితే తప్పేమిటి?

'మంచికే కదా భయపెట్టారు, జనం మేలుకుంటారు' అని మీలో కొందరు అనవచ్చు. 'నాన్నా పులి' కథ మీకు తెలుసు. 2020 గడిచిపోయి, కుళాయి తిప్పితే నీరొచ్చిన మనిషి రేపటి హెచ్చరికను వింటాడా? పులి నిజంగా వచ్చిన రోజున ఎవరూ కదలరు. పైగా, ఊరంతా ఎండిపోతుందన్న భయం ఎప్పుడూ ఒకే రకం మందును అడుగుతుంది - ఇంకో నది నుంచి ఇంకో పెద్ద పైపు. ఉన్న నీటిని ఎవరు ఎంత వాడుతున్నారన్న చిక్కు ప్రశ్న వెనక్కి పోతుంది.

హెచ్చరిక ఎలా ఉండాలో చూడాలంటే దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌ను తీసుకోండి. 2018లో ఆ నగరం 'డే జీరో' ప్రకటించింది. జలాశయాల్లో నీరు 13.5 శాతానికి పడిపోయిన రోజున ఇళ్ళ కుళాయిలు కట్టేస్తామంది. మట్టం ఎంతో ప్రజలకు ఎప్పటికప్పుడు చెప్పింది. మనిషికి రోజుకు 50 లీటర్లు దాటవద్దంది. జనం వాడకం తగ్గించారు, తర్వాత వానలూ పడ్డాయి, ఆ రోజు రాలేదు. అక్కడా ధనిక, పేద తేడాలు, కోపతాపాలు లేకపోలేదు. కానీ ఆ అంకెకు ఒక కొలత ఉంది, ఒక గీత ఉంది, ఆ గీతను దూరం జరపడానికి మనిషి చేయగలిగిన పని ఉంది. 21 నగరాల జోస్యంలో ఈ మూడూ లేవు.

అంత దూరం ఎందుకు? మన దగ్గరే ఇంకా మంచి ఉదాహరణ ఉంది. 2003 నుంచి 2009 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే నడుపుకున్న భూగర్భ జల పథకం ఒకటి సాగింది. అనంతపురం, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం వాటిలో కొన్ని. వందల గ్రామాల్లో పెద్దగా చదువుకోని రైతులు, స్త్రీలతో సహా, వాన కొలిచారు, పరిశీలక బోర్లలో నీటి మట్టం కొలిచారు, ఆ అంకెలను ఊరి గోడ మీద రాసుకున్నారు. రబీకి ముందు కూర్చుని 'ఉన్న నీరింత, వేయదలచిన పంటకు కావలసింది ఇంత' అని పద్దు వేసుకున్నారు. ఎవరూ ఎవరినీ శాసించలేదు. లెక్క చూశాక కొందరు వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళారు. ఢిల్లీ నుంచి వచ్చిన భయంకరమైన అంకె చేయలేని పనిని ఊరి గోడ మీది చిన్న అంకె చేసింది. ఎందుకంటే అది వాళ్ళు కొలిచిన అంకె, వాళ్ళ బోరు అంకె.

కాబట్టి నీతి ఆయోగ్ నివేదికను పారేయమని నేను చెప్పను. దాని ప్రశ్నలు మంచివి, పట్టికలు ఓపికగా చదవదగ్గవి. దాని ముందు పుటల్లో పేర్చిన పెద్ద పెద్ద అంకెల దండను మాత్రం నమ్మే ముందు విప్పి చూడమంటాను. ఈసారి నీటి గురించి ఏ అంకె కనిపించినా నాలుగు ప్రశ్నలు వేయండి. ఇది వడ్డీయా, అసలా? ఏ ఏటిది? ఏ షరతు మీద వేసింది? 'నగరం', 'దేశం' అన్న మాట వెనుక ఎవరు దాక్కున్నారు? జవాబు దొరకని అంకెను మీ వ్యాసంలోకి రానివ్వకండి, మార్కులు పోతే పోయాయి. ఆ తర్వాత వీలైతే మీ ఇంటి పక్క పాత బావిలోకి రాయి కట్టిన తాడు వదిలి, వానాకాలం ముందోసారి, వెనకోసారి నీరెంత లోతున ఉందో కొలిచి రాసుకోండి. నాలుగేళ్ళు రాస్తే మీ ఊరి నీటి గురించి ఆ నివేదిక రాసినవారికి తెలియని సంగతి మీకు తెలుస్తుంది.